అట్ట మీద పేరు చూసి స్ట్రాటెమేయర్ పుస్తకం కొనకండి: ఏ సీరీస్, ఏ ప్రతి ఎవరికి

రోవర్ బాయ్స్ అనే పాత అమెరికా పిల్లల సాహస కథల సీరీస్ అట్ట మీద ఆర్థర్ ఎం. విన్‌ఫీల్డ్ అని ఉంటుంది. టామ్ స్విఫ్ట్ మీద విక్టర్ ఆపిల్టన్, హార్డీ బాయ్స్ మీద ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్. ఈ పేర్లతో రచయితలెవరూ లేరు. మూడు సీరీస్‌లకూ మూలపురుషుడు ఒక్కడే, ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్. 1862లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ పట్టణంలో పుట్టి, 1930లో అదే రాష్ట్రంలోని నెవార్క్‌లో చనిపోయాడు. కొన్ని పుస్తకాలు స్వయంగా రాశాడు. ఎక్కువ వాటికి కథ సంగ్రహం మాత్రం తయారుచేసి, డబ్బిచ్చి వేరేవాళ్ళతో రాయించాడు. ఆయన పోయాక, ఇలా పుస్తకాలు తయారుచేయించే ఆయన సంస్థను కూతుళ్ళు నడిపారు, తర్వాత పాత పుస్తకాలను తిరగరాయించారు కూడా. దాంతో ఒకే పేరు, ఒకే నంబరు ఉన్న రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు కథలు కనిపించే పరిస్థితి వచ్చింది. తెలియక కొన్నవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

ఎవరికి ఏది నప్పుతుందో ముందే చెప్పేస్తాం. పది, పన్నెండేళ్ళ పిల్లలకైతే 1959 తర్వాత తిరగరాసిన హార్డీ బాయ్స్ తీసుకోండి. పద్నాలుగు దాటినవాళ్ళకూ పెద్దలకూ 1927 నుంచి 1930 దాకా వచ్చిన ఒరిజినల్ హార్డీ బాయ్స్. యంత్రాలంటే ప్రాణం పెట్టే పిల్లలకు టామ్ స్విఫ్ట్‌లో ఏరిన నాలుగైదు. రోవర్ బాయ్స్ మాత్రం ఈ రకం సాహిత్యం ఎక్కడ మొదలైందో చూడాలనుకునేవాళ్ళకే. ఎందుకలా అంటున్నామో కింద వివరంగా ఉంది.

పుస్తకం ఎలా తయారయ్యేది

స్ట్రాటెమేయర్‌కు మొదటి పెద్ద విజయం 1898లో వచ్చింది. అప్పుడు స్పెయిన్‌తో జరుగుతున్న యుద్ధంలో అడ్మిరల్ డ్యూయీ మనీలా దగ్గర గెలవగానే, ఆ నౌకాదళంలో ఒక కుర్రాణ్ణి పెట్టి ఆయన అల్లిన నవల విపరీతంగా అమ్ముడైంది. పేపర్లో వార్త వేడిగా ఉండగానే పిల్లలకు దాన్ని కథ చేసి ఇవ్వాలన్న సూత్రం అక్కడే పట్టుకున్నాడు. తర్వాత మోటార్ సైకిల్, విమానం, టాకీ సినిమా, ఏది కొత్తగా వస్తే అది ఆయన పుస్తకం పేరులోకి ఎక్కేసింది.

రెండో సూత్రం ధర. అప్పట్లో పిల్లల గట్టి అట్ట పుస్తకాలు డాలరుకు అటూ ఇటూ ఉండేవి. 1906లో మోటార్ బాయ్స్ సీరీస్‌ను 50 సెంట్లకే అమ్మేలా ప్రచురణకర్తను ఒప్పించాడు. పెద్దవాళ్ళు కొనిపెట్టేదాకా ఆగకుండా కుర్రాళ్ళే తమ డబ్బుతో కొనుక్కున్నారు. ఈ ధరకు గిట్టుబాటు కావాలంటే పుస్తకాలు ఎక్కువ రావాలి, త్వరగా రావాలి. దానికోసమే రచయితల బృందం. రెండు మూడు పేజీల్లో కథ సంగ్రహం ఈయన రాసిచ్చేవాడు. రాసేవాడు దాన్ని రెండు వందల పేజీలకు పెంచి తిరిగి పంపేవాడు. మొత్తం ఒక్కసారే ముట్టేది, రాయల్టీ లేదు, పేరు మీద హక్కు లేదు. మొదటి హార్డీ బాయ్స్ పుస్తకానికి లెస్లీ మెక్‌ఫార్లేన్‌కు అందినది 125 డాలర్లు.

కొత్త సీరీస్ మొదలుపెట్టేటప్పుడు మూడు పుస్తకాలైనా ఒకేసారి మార్కెట్లోకి వదిలేవాడు. ఒకటి నచ్చిన కుర్రాడికి వెంటనే చదవడానికి ఇంకో రెండు సిద్ధంగా ఉండాలన్నది లెక్క. ప్రతి పుస్తకం మొదటి రెండు అధ్యాయాల్లో ఎక్కడో ఒకచోట కథ ఆపేసి పాత పుస్తకాల వివరాలు ఏకరువు పెడతారు. చివరి పేరాలో రాబోయే పుస్తకం పేరు చెబుతారు. ఇది మూడు సీరీస్‌లలోనూ ఉంటుంది కాబట్టి, వరసగా చదివేవాళ్ళు ఆ పేజీలు దాటేసినా ఏమీ నష్టపోరు.

రోవర్ బాయ్స్

1899లో మొదలై 1926 దాకా 30 పుస్తకాలు. ఇవన్నీ స్ట్రాటెమేయర్ తన చేత్తో రాసినవే. ఆయన సొంత గొంతు వినాలంటే వీటికే రావాలి. డిక్, టామ్, శామ్ అన్నదమ్ములు. తండ్రి ఆఫ్రికాలో కనిపించకుండా పోతాడు. బాబాయి వీళ్ళను పట్నామ్ హాల్ అనే సైనిక పద్ధతి బోర్డింగ్ స్కూల్లో చేరుస్తాడు. మొదటి పుస్తకం స్కూలు, రెండోది సముద్రం, మూడోది ఆఫ్రికా అడవుల్లో తండ్రి కోసం వెతుకులాట. ఈ మూడూ 1899లోనే వచ్చాయి, కలిపి ఒకే కథలా చదువుకోవచ్చు.

మంచి సంగతేమిటంటే స్కూలు అల్లరి నిజంగా అల్లరిలా ఉంటుంది, కథ ఎక్కడా ఆగదు. అమెరికా కుర్రాళ్ళ పుస్తకాలు అప్పటిదాకా ఎక్కువగా నీతులు చెప్పేవి, వీటిలో హీరోలు ముందు సరదా పడతారు. ఇబ్బంది కూడా చిన్నది కాదు. మనుషులు మాట్లాడే తీరు చాలా కృత్రిమం. విలన్ పుట్టు విలన్, హీరో పుట్టు హీరో. నల్లజాతి పనివాడు అలెక్ పాప్, జర్మన్ కుర్రాడు హాన్స్ – వీళ్ళ యాసను వెక్కిరింపుగా అక్షరాల్లోకి దింపారు. ఆఫ్రికా పుస్తకమైతే పిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు.

ఒక్కటే చదవాలనుకుంటే మొదటిది, ‘ది రోవర్ బాయ్స్ ఎట్ స్కూల్’ చాలు. 1917లో వచ్చిన 21వ పుస్తకం నుంచి ఈ అన్నదమ్ముల పిల్లలు హీరోలు, స్కూలు పేరు కోల్బీ హాల్. హీరోలు పెరిగి, పెళ్ళిళ్ళయి, వాళ్ళ పిల్లలు బడికెళ్ళడం ఈ మూడింటిలో ఇక్కడ మాత్రమే చూస్తాం. టామ్ స్విఫ్ట్ 1929లో పెళ్ళిచేసుకున్నా సీరీస్ అంతకు మించి ముందుకు పోలేదు. హార్డీ సోదరులకైతే వయసే రాదు.

టామ్ స్విఫ్ట్

1910లో ఒకేసారి ఐదు పుస్తకాలు: మోటార్ సైకిల్, మోటార్ బోటు, ఎయిర్‌షిప్, సబ్‌మెరైన్, విద్యుత్ కారు. మొత్తం 40, చివరిది 1941లో. తొలి 35లో దాదాపు అన్నీ రాసింది హోవర్డ్ గారిస్. నెవార్క్‌లో పత్రికా విలేకరిగా పనిచేసినవాడు, అంకుల్ విగ్లీ అనే కుందేలు కథలతో సొంత పేరు సంపాదించుకున్నవాడు.

టామ్‌ది షాప్టన్ అనే ఊరు, తండ్రి బార్టన్ స్విఫ్ట్ కూడా ఆవిష్కర్తే. ప్రతి పుస్తకానికీ ఒక యంత్రం. మొదటి సగంలో దాన్ని తయారుచేస్తారు, దొంగలు దాని కోసం కాచుకుంటారు, రెండో సగంలో ఆ యంత్రమే వాళ్ళను కాపాడుతుంది. అధ్యాయాలు ఎక్కువగా 25, ఒక్కోటి ఎనిమిది, తొమ్మిది పేజీలు. మాటకు ముందు ‘బ్లెస్ మై’ అని ఏదో ఒక వస్తువు పేరు తగిలించే డేమన్ గారు ఈ సీరీస్‌కు ప్రాణం. మొదటి పుస్తకంలో కొత్త మోటార్ సైకిల్‌ను చెట్టుకు గుద్ది, విసుగొచ్చి, దాన్ని టామ్‌కు అమ్మేసేది ఆయనే. ఆ దెబ్బతిన్న బండిని టామ్ విప్పి, సరిచేసుకుని ఎక్కడంతో సీరీస్ మొదలవుతుంది.

40లో అన్నీ చదవాల్సినవి కావు. మా ఎంపిక ఇది. మొదటిది తప్పనిసరి, ముఖ్యమైన మనుషులు చాలామంది అందులోనే పరిచయమవుతారు. ‘ఎలక్ట్రిక్ రనెబౌట్’ (1910) ఈ రోజు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఒక కుర్రాడు సొంత బ్యాటరీ తయారుచేసి పందెంలో విద్యుత్ కారు నడుపుతాడు. పక్కనే జనం బ్యాంకు మీద ఎగబడి డబ్బు తీసుకుంటుంటే దాన్ని నిలబెట్టే కథ కూడా నడుస్తుంది. ‘వైర్‌లెస్ మెసేజ్’ (1911)లో భూకంపాలతో కుంగిపోతున్న ద్వీపంలో చిక్కుకున్నవాళ్ళు ఉన్న సామానుతో వైర్‌లెస్ కేంద్రం కట్టి సాయం కోసం కబురు పంపుతారు. సీరీస్ మొత్తంలో ఉత్కంఠ బాగా పండింది దీనిలోనే అని మా అభిప్రాయం. ‘ఫోటో టెలిఫోన్’ది అవతలివాళ్ళ ముఖం కనిపించే ఫోను. వీడియో కాల్‌తో పుట్టిన పిల్లలకు అది ఎంత కష్టమైన ఊహో వివరిస్తూ చదివిస్తే ఇంకా బాగుంటుంది.

‘ఎలక్ట్రిక్ రైఫిల్’ (1911) గురించి విడిగా చెప్పాలి. ఇవాళ పోలీసులు వాడే టేజర్ పరికరానికి పేరు దీని నుంచే వచ్చింది. ఆ ఇంగ్లిష్ అక్షరాలకు అర్థం థామస్ ఎ. స్విఫ్ట్ ఎలక్ట్రిక్ రైఫిల్. ఆ ఆసక్తితో చాలామంది ముందుగా ఈ పుస్తకమే తీస్తారు. దీనిలో ఉన్నది ఆఫ్రికాలో దంతాల కోసం ఏనుగుల వేట, స్థానిక జాతుల మీద చులకన రాతలు. పిల్లలకు వద్దు.

సీరీస్ అంతటా ఉండే ఇబ్బంది ఇరాడికేట్ శాంప్సన్. కంచరగాడిద బండితో ఊరంతా పనులు చేసుకునే నల్లజాతి ముసలాయన. మనిషి మంచివాడు, టామ్‌కు నమ్మకస్తుడు, కానీ ఆయన మాటలన్నీ నవ్వించడానికని స్పెల్లింగ్ విరిచి రాశారు. జాతి విషయం అలా ఉంచినా, తెలుగు ఇళ్ళల్లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు ఇంకో చిక్కు. విరిచిన స్పెల్లింగే అసలు స్పెల్లింగ్ అనుకునే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్ మీద పట్టు వచ్చాకే, పక్కన పెద్దవాళ్ళు ఉండి చదివించాలి.

టామ్ స్విఫ్ట్ జూనియర్ అని 1954 నుంచి 1971 దాకా 33 పుస్తకాలు వేరే వచ్చాయి. రాకెట్లు, అణుశక్తి, అంతరిక్షం. అట్ట మీద విక్టర్ ఆపిల్టన్ పేరు పక్కన రెండు అన్న అంకె ఉంటుంది. హీరో పాత టామ్ కొడుకు. స్ట్రాటెమేయర్‌కు వీటితో సంబంధం లేదు, ఆన్‌లైన్‌లో మాత్రం రెండూ కలిసిపోయి వస్తాయి.

హార్డీ బాయ్స్

1927లో మూడు పుస్తకాలతో మొదలైంది: ‘ది టవర్ ట్రెజర్’, ‘ది హౌస్ ఆన్ ది క్లిఫ్’, ‘ది సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ మిల్’. అప్పటికి పెద్దల డిటెక్టివ్ నవలలకు అమెరికాలో గిరాకీ బాగా పెరిగింది, అదే పిల్లలకూ ఇవ్వాలన్నది స్ట్రాటెమేయర్ ఆలోచన. హీరోలు ఫ్రాంక్, జో హార్డీ అనే అన్నదమ్ములు, ఊరు బేపోర్ట్, పని నేరాల గుట్టు విప్పడం. రాసింది కెనడావాడు, విలేకరిగా పనిచేసిన మెక్‌ఫార్లేన్. మొదటి 16 ఆయనవే, తర్వాత మరికొన్ని.

ఈ మూడు సీరీస్‌లలో వాక్యం బాగున్నది ఇదే. మెక్‌ఫార్లేన్‌కు ఒక్కొక్క పుస్తకానికి వచ్చిన డబ్బుకు అంత శ్రద్ధ పెట్టాల్సిన పని లేదు, అయినా పెట్టాడు. వాతావరణం రాయడం ఆయనకు బాగా తెలుసు. మంచు, గాలి, ఉప్పునీటి వాసన, పొయ్యి మీద వేగుతున్న మాంసం, అన్నీ కనిపిస్తాయి. హాస్యం కూడా ఉంది. బేపోర్ట్ పోలీసు అధికారి కోలిగ్, డిటెక్టివ్ స్మఫ్ ఇద్దరూ బద్ధకం, గొప్పలు కలగలిసినవాళ్ళు. ‘టవర్ ట్రెజర్’ ఒరిజినల్‌లో వీళ్ళు ఒక దొంగ దగ్గరికి రైలెక్కి ముందే వెళ్ళిపోకుండా, కుర్రాళ్ళు రోకో అనే పళ్ళ వ్యాపారి కొట్టు దగ్గర టిక్కుటిక్కుమనే పెట్టె పెట్టి బాంబు భయం పుట్టిస్తారు. లోపల ఉన్నది అలారం గడియారం. రైలు తప్పిపోతుంది. ఇలా పోలీసులను ఆటపట్టించే పదును తర్వాతి తిరగరాతల్లో పోయింది. అదే సన్నివేశంలో రోకో ఇటలీ యాసను వెక్కిరించిన తీరు కూడా ఉంది, ఒరిజినల్ చదివేవాళ్ళు దానికి సిద్ధంగా ఉండాలి.

ఒక్కటంటే ఒక్కటే హార్డీ బాయ్స్ చదవాలంటే 1929 నాటి ‘ది మిస్టరీ ఆఫ్ కాబిన్ ఐలాండ్’ తీసుకోండి. క్రిస్మస్ సెలవులు, గడ్డకట్టిన అఖాతం, మంచు మీద తెరచాపతో పరుగెత్తే పడవలు, ద్వీపంలో ఒంటరి కొయ్య ఇల్లు. నేరం చిన్నది, చలి పెద్దది. మెక్‌ఫార్లేన్ పెరిగింది ఉత్తర ఒంటారియోలో, ఆ చలి ఆయనకు కొత్త కాదు.

ఒరిజినల్, తిరగరాసినది: ఎంత తేడా

1959 నుంచి 1973 దాకా తొలి 38 హార్డీ పుస్తకాలను తిరగరాయించారు. కారణాలు మూడు. జాతి గురించిన అవమానకరమైన రాతల మీద ఫిర్యాదులు, పాతబడిపోయిన కార్లు, మాటలు, అచ్చు ఖర్చు. 210 పేజీలు దాటే పుస్తకాలు 180 పేజీల దగ్గరికి వచ్చాయి, అధ్యాయాలు సరిగ్గా 20 అయ్యాయి. ఒరిజినల్‌లో 16, 15 ఏళ్ళున్న ఫ్రాంక్, జో తిరగరాతలో 18, 17 ఏళ్ళవాళ్ళయ్యారు.

మార్పు అన్నిటిలో ఒకేలా లేదు. ‘టవర్ ట్రెజర్’లో అసలు కథ నిలిచింది, కుదించారంతే. ‘కాబిన్ ఐలాండ్’లో పోయిన వస్తువే మారిపోయింది. ఒరిజినల్‌లో తపాలా బిళ్ళల సేకరణ, 1966 ప్రతిలో పతకాలు. ‘ది డిసపియరింగ్ ఫ్లోర్’ (1940, తిరగరాత 1964), ‘ది మిస్టరీ ఆఫ్ ది ఫ్లయింగ్ ఎక్స్‌ప్రెస్’ (1941, తిరగరాత 1970) పేరు తప్ప ఏమీ మిగలని కొత్త కథలు. 1935 నాటి ‘హిడెన్ హార్బర్ మిస్టరీ’లో నల్లజాతి విలన్‌ను చిత్రించిన పద్ధతి ఎంత ఘోరంగా ఉందంటే, 1961లో దాన్ని పూర్తిగా మార్చేయడం మంచిదే అయింది. ఆ ఒక్క పుస్తకం విషయంలో ఒరిజినల్‌ను ఎవరికీ చెప్పం.

మొత్తానికి పోయింది ఏమిటి, వచ్చింది ఏమిటి? వాతావరణం, నింపాదితనం, హాస్యం పోయాయి. వేగం, చిన్న వాక్యాలు, శుభ్రమైన వ్యాకరణం వచ్చాయి. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకునే పదేళ్ళ పిల్లలకు ఈ రెండోదే ఎక్కువ ఉపయోగం. రోజుకో అధ్యాయం, అంటే తొమ్మిది పేజీల చొప్పున చదివిస్తే 20 రోజుల్లో పుస్తకం అయిపోతుంది, ప్రతి అధ్యాయం ఒక ప్రమాదం దగ్గర ఆగుతుంది కాబట్టి మర్నాడు మీరు గుర్తుచేయక్కర్లేదు.

చేతిలో ఉన్న ప్రతి ఏదో ఎలా తెలుసుకోవాలి

ముందు కాపీరైట్ పేజీ తిప్పండి. రెండు సంవత్సరాలు ఉంటే, ఉదాహరణకు 1959తో పాటు 1927, అది తిరగరాసినది. చాలా తిరగరాతల్లో, ఇది పాత కథ ఆధారంగా రాసిన కొత్త కథ అని, పోలీసుల తాజా పద్ధతులు చేర్చామని ఒక వాక్యం కూడా వేశారు. తర్వాత విషయసూచిక చూడండి. సరిగ్గా 20 అధ్యాయాలు, 180 పేజీల లోపు అయితే తిరగరాత అనుకోవచ్చు. పేజీలు 200 దాటితే ఒరిజినల్ అయ్యే అవకాశం ఎక్కువ. మూడోది వయసు. మొదటి అధ్యాయాల్లో ఫ్రాంక్‌కు ఎన్నేళ్ళో చెబుతారు. పదహారు అంటే ఒరిజినల్.

అట్టను మాత్రం నమ్మకూడదు. 1962 నుంచి బొమ్మను నేరుగా గట్టి అట్ట మీదే అచ్చేసిన నీలం వెన్ను పుస్తకాలు వచ్చాయి. వాటన్నిటినీ జనం తిరగరాతలే అనుకుంటారు. కానీ ‘కాబిన్ ఐలాండ్’ 1966లో, ‘వాట్ హాపెండ్ ఎట్ మిడ్‌నైట్’ 1967లో తిరగరాశారు. కాబట్టి 1962కూ ఆ ఏడాదికీ మధ్య అచ్చయిన నీలం వెన్ను ప్రతిలో ఒరిజినల్ పాఠమే ఉంటుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు లైబ్రరీ పాతపుస్తకాల అమ్మకాల్లోనూ గరాజ్ సేల్స్‌లోనూ ఈ నీలం వెన్నులు కుప్పలుగా చూసి ఉంటారు. ఒరిజినల్ పాఠం చవగ్గా దొరికే దారి అదే.

పాత ప్రతి అమ్మేవాళ్ళు 1927 మొదటి ముద్రణ అంటే ఆగండి. ప్రచురణకర్త గ్రాసెట్ అండ్ డన్‌లాప్ ప్రతి ముద్రణలోనూ కాపీరైట్ సంవత్సరం 1927 అనే ఉంచింది, 1940లలో అచ్చయిన ప్రతి మీద కూడా అదే కనిపిస్తుంది. చూడాల్సింది డస్ట్ జాకెట్ (అట్టకు తొడిగే కాగితపు తొడుగు) మీదో, పుస్తకం చివరి ప్రకటనల్లోనో ఉన్న సీరీస్ జాబితా. అందులో ‘ది గ్రేట్ ఎయిర్‌పోర్ట్ మిస్టరీ’ ఉంటే అది 1930కి ముందు అచ్చయి ఉండదు. జాబితాలో ఆఖరి పేరు ఏదో అదే తేదీకి ఆధారం. జాకెట్ వేరే ప్రతిది తొడిగి అమ్మడం కూడా ఉంది కాబట్టి లోపలి ప్రకటన, బయటి జాకెట్ రెండూ పోల్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అచ్చయినవి పల్చటి కాగితం మీద వచ్చి ఇప్పటికి గోధుమరంగుకు తిరిగి, అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. చదవడానికి కొనేవాళ్ళు వాటిని వదిలేయడం మంచిది.

హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల షాపుల్లోనూ హార్డీ బాయ్స్ కనిపిస్తే, అది బ్రిటన్ అర్మాడా పేపర్‌బ్యాకేమో చూసుకోండి. అర్మాడా నంబర్లు అమెరికా నంబర్లతో కలవవు. నంబరు చూసి వరస పేర్చుకుంటే గందరగోళమే, పేరు చూసి కొనుక్కోవాలి. అర్మాడా ప్రతుల్లో ఒరిజినల్ పాఠం కోసం వెతకవద్దు.

కొత్తగా అచ్చయిన ఒరిజినల్ గట్టి అట్టతో కావాలంటే యాపిల్‌వుడ్ బుక్స్ 1990లలో పాత రూపంలోనే తిరిగి వేసిన ప్రతులున్నాయి. జాకెట్ బొమ్మతో సహా పాతదానిలా ఉంటాయి. పిల్లలకు కొత్త పుస్తకమే కావాలంటే గ్రాసెట్ వేస్తున్న 1 నుంచి 58 వరకు గట్టి అట్ట సీరీస్ తీసుకోండి, వాటిలో మొదటి 38 తిరగరాతలు. 59 నుంచి పైవి మొదట వేరే ప్రచురణకర్త వేసినవి, వేరే కాలానివి. స్ట్రాటెమేయర్ కోసం వచ్చినవాళ్ళకు అవి అక్కర్లేదు.

ఉచితంగా చదవాలంటే

అమెరికాలో ఆ కాలపు పుస్తకం వచ్చిన ఏడాది తర్వాత 95 ఏళ్ళకు కాపీరైట్ పోతుంది. 1927 నాటి మూడు హార్డీ పుస్తకాలు 2023 జనవరి 1న, 1928 నాటివి 2024లో, ‘కాబిన్ ఐలాండ్’ 2025లో అక్కడ స్వేచ్ఛగా అందుబాటులోకి వచ్చాయి. ఈ స్వేచ్ఛ ఒరిజినల్‌కే. 1959 తిరగరాత ఇంకా హక్కుదారుల చేతిలోనే ఉంది. రోవర్ బాయ్స్ పూర్తిగా, తొలి టామ్ స్విఫ్ట్‌లు ఎప్పుడో బయటికొచ్చాయి. పాత పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో టామ్ స్విఫ్ట్, రోవర్ బాయ్స్ బాగా దొరుకుతాయి. వాలంటీర్లు చూసి దిద్దినవి కాబట్టి తప్పులు తక్కువ. వినడానికైతే లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల వెబ్‌సైట్‌లో టామ్ స్విఫ్ట్ ఉంది. గొంతులు ఒక్కో పుస్తకానికి ఒక్కోలా ఉంటాయి, మొదటి ఐదు నిమిషాలు విని నిర్ణయించుకోండి.

ఉచితంగా ఉన్నదాన్నే కాగితం మీద వేసి ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతులు బోలెడు. వీటిలో చెడ్డవి చాలా చెడ్డవి. పాత పేజీని స్కాన్ చేసి యంత్రంతో అక్షరాలు గుర్తించి, మనిషి చూడకుండా అచ్చేస్తారు. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎం అయిపోతుంది. పేజీ పైన ఉండే పుస్తకం పేరు వాక్యం మధ్యలోకి వచ్చి పడుతుంది. పంక్తి చివర విరిచిన మాట విరిగినట్టే ఉండిపోతుంది. బొమ్మలు మాయం. కొనేముందు ప్రివ్యూలో మొదటి పేజీ కాకుండా మధ్యలో ఏదో ఒక పేజీ చదవండి. మొదటి పేజీ ఎవరైనా సరిచేస్తారు. అట్ట మీద ఈ కాలపు ఫోటో, లోపల ప్రచురణకర్త చిరునామా లేకపోవడం, పేజీలు వందకు అటూ ఇటూ ఉండటం – ఇవి కనిపిస్తే వదిలేయండి. రెండు వందల పేజీల పుస్తకాన్ని వందలో ఇరికించారంటే అక్షరాలు చీమల్లా ఉంటాయి, కాదంటే కోసేసి ఉంటారు.

మిగతా సీరీస్‌లు

మోటార్ బాయ్స్ 22 పుస్తకాలు, 1906 నుంచి 1924 దాకా. మొదటి కార్ల మోజు చూడటానికి ఒకటి చాలు. గ్రేట్ మార్వెల్ తొమ్మిది పుస్తకాల సీరీస్. ఉత్తర ధ్రువం, భూగర్భం, అంగారకుడు, చంద్రుడు, శని. సైన్స్ ఫిక్షన్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు 1910 నాటి ‘త్రూ స్పేస్ టు మార్స్’ చూడొచ్చు. ‘బేస్‌బాల్ జో’ సీరీస్ చదవాలంటే ఆట నియమాలు తెలిసి ఉండాలి, తెలియకపోతే సగం పేజీలు అర్థం కావు. బొంబా ది జంగిల్ బాయ్ 20 పుస్తకాలు, మొదట అమెజాన్ అడవుల్లో, తర్వాత ఆఫ్రికాలో తిరిగే తెల్లపిల్లాడి కథ. అడవి మనుషులను పశువుల్లా చూపించే పద్ధతి మొదటి నుంచి చివరి వరకూ ఉంది. మా సలహా, దాని జోలికి పోవద్దు.

తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళకు

అనువాదానికి బాగా లొంగేది టామ్ స్విఫ్ట్ ‘వైర్‌లెస్ మెసేజ్’. యాస సమస్య తక్కువ, కథ ఒకేచోట బిగిసి ఉంటుంది. హార్డీ ఒరిజినల్స్‌లో హాస్యం మాటల మీద ఆధారపడింది, ఎక్కువ పని పెడుతుంది, పండితే ఫలితమూ ఎక్కువే. అనువాదకులు ముందు మూల ప్రతి సంవత్సరం నిర్ధారించుకోవాలి. తిరగరాతను ముందు పెట్టుకుని ఒరిజినల్ అనుకుంటూ అనువదిస్తే హక్కుల చిక్కులో పడతారు. భారత చట్టంలో లెక్క వేరు. మామూలుగా రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు, అసలు రచయిత బయటపడని మారుపేరు రచనకైతే ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. స్ట్రాటెమేయర్ 1930లో, గారిస్ 1962లో పోయారు. మెక్‌ఫార్లేన్ మరణం 1977. విదేశీ రచనకు సొంత దేశంలో ఉన్నదానికన్నా ఎక్కువ కాలం ఇక్కడ రక్షణ ఉండదన్న నిబంధన ఉంది, అయినా హార్డీ విషయంలో అచ్చుకు వెళ్ళేముందు కాపీరైట్ తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించండి. హార్డీ బాయ్స్ అన్న పేరు ట్రేడ్‌మార్క్‌గా కూడా వాడుకలో ఉంది కాబట్టి, పాఠం స్వేచ్ఛగా ఉన్నా అట్ట మీద ఆ పేరును పెద్దక్షరాల్లో సీరీస్ గుర్తుగా వేసుకోవడం వేరే సంగతి. దాన్నీ ఆయన్నే అడగండి.